ఫెటాలిటీకి ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: సెలవుల్లో నేనూ మా అన్నయ్యా మోర్టల్ కాంబాట్ 2 అనే పాత ఫైటింగ్ వీడియో గేమ్ ఆడుతున్నాం. నాది సబ్-జీరో అనే పాత్ర. ఫెటాలిటీకి, అంటే ఓడిన శత్రువుని ప్రత్యేకంగా చంపే ఆఖరి దెబ్బకి, నొక్కాల్సిన బటన్ల వరుస నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ గెలిచాక ఆటలో ‘ఫినిష్ హిమ్’ (వాణ్ని ముగించు) అని వినపడ్డాక అంతా సరిగ్గా నొక్కినా ఏమీ జరగదు. చివరికి ఉత్త గుద్దు తగిలి అన్నయ్య బొమ్మ పడిపోతుంది. లోపం ఎక్కడ ఉందండీ?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ వేళ్లలో లోపం లేదు. మీరు నిలబడే చోటు చూసుకోవాలి. ఈ ఆటలో ఒక్కో ఫెటాలిటీకి ఒక్కో దూరం ఉంటుంది. ఆ దూరంలో లేకపోతే వరుస ఎంత శుద్ధంగా నొక్కినా ఆట పట్టించుకోదు.

మీ సబ్-జీరోనే చూడండి. ఐస్ గ్రెనేడ్ అనే ఫెటాలిటీకి స్క్రీన్ ఈ చివర మీరు, ఆ చివర అవతలివాడు ఉండాలి. లో పంచ్ నొక్కిపట్టి వెనక్కి, వెనక్కి, కిందికి, ముందుకు అని వదిలేయాలి. దగ్గర్లో ఉండగా లో పంచ్ నొక్కితే ఆ గుద్దు వాడికి తగిలి కథ అక్కడే ముగుస్తుంది. మీకు జరుగుతున్నది బహుశా ఇదే. ముందు దూరం జరగండి, ఆ తర్వాతే లో పంచ్ మీద వేలు పెట్టండి.

రెండోది గడ్డకట్టించి పగలగొట్టేది. ఈ ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫెటాలిటీ ఇది, ఎందుకంటే ఒక్కదానిలోనే రెండు దూరాలున్నాయి. కాస్త ఎడంగా నిలబడి ముందుకు, ముందుకు, కిందికి, హై కిక్. వాడు మంచుముద్ద అవుతాడు. వెంటనే నడిచి వెళ్లి, ఇక అడుగు పడదు అన్నంత దగ్గరగా ఆగి ముందుకు, కిందికి, ముందుకు, ముందుకు, హై పంచ్. ‘ముందుకు’ నొక్కిన ప్రతిసారీ మీ బొమ్మ కొంచెం జరుగుతుందని గుర్తుంచుకోండి. అందుకే మొదట కాస్త ఎక్కువ ఎడం ఉంచుకోండి, బటన్‌ని నొక్కిపట్టకుండా టకటకా తట్టి వదలండి.

అసలు సంగతి ఇంకా ముందే ఉంది. చోటు చూసుకోవడం ‘ఫినిష్ హిమ్’ తర్వాత మొదలుపెడితే ఆలస్యమైపోతుంది, ఆ ఇచ్చేవి కొద్ది సెకన్లే. చివరి దెబ్బే చోటుకి తగ్గట్టు ఎంచుకోండి. గ్రెనేడ్ వేయాలనుకుంటే అప్పర్‌కట్‌తో (కిందికి, హై పంచ్) ముగించండి. వాడు ఎగిరి దూరంగా పడతాడు, మీరు వెనక్కి నడిస్తే చాలు. మీ వెనక చోటు లేకపోతే వాడి మీదుగా దూకి అవతలికి వెళ్లండి. కానీ పక్క మారగానే ‘ముందుకు’ కూడా మారుతుంది. ముందుకు అంటే ఎప్పుడూ శత్రువు వైపే, కుడివైపు కాదు. కాగితం మీద బాణం గుర్తులు వేసుకుని ఉంటే కొట్టేసి ‘ముందుకు’, ‘వెనక్కి’ అని రాసుకోండి.

వరుసలో ‘పైకి’ ఉన్న ఫెటాలిటీలూ ఉన్నాయి. 1992 నాటి మొదటి ఆటలో స్కార్పియన్ అనే పాత్రది అలాంటిదే: బ్లాక్ (దెబ్బ కాచుకునే బటన్) పట్టుకుని పైకి, పైకి. బ్లాక్ ఎందుకంటే, అది పట్టుకుని ఉంటే బొమ్మ గాల్లోకి ఎగరదు, నిలబడ్డ చోటే ఉంటుంది. దానికి కూడా మరీ దగ్గరగా ఉండకూడదు.

సాధనకి మీ అన్నయ్యని బతిమాలుకోండి. రెండో కంట్రోలర్ పట్టుకుని కదలకుండా నిలబడమనండి. వరుస సంగతి వదిలేసి, ఒక సాయంత్రమంతా అప్పర్‌కట్ కొట్టడం, వాడు ఎక్కడ పడుతున్నాడో చూడటం, ఎన్ని అడుగులు వేస్తే స్క్రీన్ చివరికి చేరతారో లెక్కపెట్టుకోవడం, అంతే చేయండి. కొత్త ఆటలకి మారితే 2011 నాటి మోర్టల్ కాంబాట్‌లో ఫెటాలిటీ ట్రైనింగ్ అని విడిగా ఉంది, అక్కడ తీరిగ్గా నేర్చుకోవచ్చు.