పన్నెండేళ్ల తర్వాత కెమెరా: బోనస్ మొత్తం పెట్టేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 44. పన్నెండేళ్ల కిందటి దాకా నికాన్ డీ90 కెమెరాతో తెగ ఫొటోలు తీసేవాణ్ని. పిల్లలు పుట్టాక, ఉద్యోగంలో పని పెరిగాక దాన్ని పక్కన పెట్టేశాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. ఈసారి వచ్చిన బోనస్ మా ఇంటి నాలుగు నెలల ఖర్చుకు సమానం. దాంతో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, 24-70 లెన్స్ కొని, 70-200 లెన్స్‌ను 12 నెలల 'వడ్డీ లేని' వాయిదాల్లో తీసుకుందామని ఆలోచన. పాతవి 18-105, 50ఎంఎం 1.8డి లెన్సులు ఉన్నాయి. అడాప్టర్ పెడితే పనిచేస్తాయంటున్నారు. అప్పులేమీ లేవు. అత్యవసర నిధి రెండు నెలలకు సరిపోతుంది. ప్రయాణాలు, ఇంట్లోవాళ్లు, అప్పుడప్పుడు పక్షులు, నేను తీసే ఫొటోలు ఇవే. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కొనండి. సరదా కోసం ఖర్చు పెట్టడం తప్పని నేను చెప్పను. కానీ మీ ప్లాన్‌లో మూడు చోట్ల డబ్బు కారిపోతోంది. వాటిలో రెండు కెమెరాకు సంబంధించినవే. మీ ప్రశ్నకు జవాబు రాయడానికి కెమెరా సంగతులు నాకు కాస్త తెలియడం కలిసొచ్చింది.

ముందు నిధి సంగతి తేల్చేద్దాం. రెండు నెలల నిధి ఉన్న ఇంట్లో నాలుగు నెలల బోనస్ మొత్తం కెమెరాకు పోకూడదు. సగం నిధికి వేయండి. అది నాలుగు నెలలకు చేరుతుంది. ఆరు నెలలైతే ఇంకా నిశ్చింత, అది వచ్చే ఏడాది చూసుకుందాం. మిగతా సగం, అంటే రెండు నెలల ఖర్చంత సొమ్ము, మీ కెమెరా బడ్జెట్. ఇందులో బాడీ, లెన్సులతో పాటు మెమరీ కార్డులు, అదనపు బ్యాటరీ, బ్యాగు, ఫొటోలు దాచుకునే హార్డ్ డిస్క్ కూడా వస్తాయి. మిర్రర్‌లెస్ కెమెరాలు లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్‌ల కంటే బ్యాటరీని చాలా త్వరగా తాగేస్తాయి కాబట్టి రెండో బ్యాటరీని అవసరం కిందే రాసుకోండి.

ఇక వాయిదాలు. 'వడ్డీ లేదు' అన్న మాట వినగానే ఒక ప్రశ్న వేయండి: 'ఒకేసారి కట్టేస్తే ఎంతకిస్తారు?' లెన్స్ ధర 100 అనుకుందాం. నగదుకు 92కే ఇస్తామన్నారనుకోండి. అప్పుడు మీకు అప్పు ఇచ్చింది 92. మీరు నెలకు 8.33 చొప్పున 12 నెలలు కట్టేది 100. నెల నెలా అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఆ 8 తేడాను లెక్క కడితే ఏడాదికి దాదాపు 15-16 శాతం వడ్డీ పడుతుంది. ఒక్క పైసా కూడా తగ్గించకపోతే అప్పుడది నిజంగానే వడ్డీ లేని వాయిదా. అయినా ఆ లెన్స్ కొనవద్దనే నా మాట. కారణం వేరే ఉంది.

70-200 పక్షుల కోసమే అనుకుంటున్నాను. లెన్స్ పేరులోని ఈ ఎంఎం అంకె (ఫోకల్ లెంగ్త్) పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. ఫుల్ ఫ్రేమ్‌పై 200 ఎంఎం అంటే చెట్టు మీది పిట్ట ఫొటోలో చుక్కలా పడుతుంది. పక్షులకు 400 ఎంఎం, ఆపైనే కావాలి. ఈ ఒక్క విషయం తెలియక ఇలాంటి లెన్సు కొని, ఆరు నెలలకు నష్టానికి అమ్మినవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. ఒకరి పేరు చెప్పాలంటే అద్దంలోకి చూడాలి.

ఇంతకీ మీరు కొనబోయేది కెమెరా కాదు, ఒక మౌంట్, అంటే బాడీకి లెన్స్ బిగించే అమరిక. ఒక్కో కంపెనీది ఒక్కో రకం. బాడీని నాలుగైదేళ్లకు మారుస్తారు, లెన్సులు పదిహేనేళ్లు ఉంటాయి. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడినట్టు అని మనం అంటాం గానీ, ఇక్కడ అంకుశాలన్నీ కలిపితే ఏనుగు ధర దాటిపోతుంది. అందుకే ఆ మౌంట్‌కు రేపు ఎవరు లెన్సులు చేస్తారో ముందే చూడాలి. నికాన్ 1 సిస్టమ్ 2011లో వచ్చి 2018కి ఆగిపోయింది. కేనన్ ఈఎఫ్-ఎం 2012లో మొదలై 2023 నాటికి ముగిసింది. శామ్‌సంగ్ 2010లో తెచ్చిన ఎన్ఎక్స్ నుంచి పూర్తిగా తప్పుకుంది. కొన్నవాళ్ల కెమెరాలు ఆ మర్నాడు పాడైపోలేదు. కానీ కొత్త లెన్సులు ఆగిపోయాయి.

ఇప్పుడు మీ పాత లెన్సుల సంగతి. నికాన్ జెడ్ మౌంట్ 2018లో వచ్చింది. పాత లెన్సులను దానికి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు. మీ 50ఎంఎం 1.8డి లెన్స్‌లోనూ లేదు. డీ90 బాడీలో ఉండేది, అదే దాన్ని తిప్పేది. కాబట్టి కొత్త బాడీపై ఆ లెన్స్‌కు మీరే చేత్తో ఫోకస్ చేసుకోవాలి. కదలకుండా కూర్చున్న వాళ్లకు పర్వాలేదు. ఇల్లంతా పరుగెత్తే పిల్లల్ని తీయాలంటే కష్టమే. 18-105కు మాత్రం ఆటోఫోకస్ పనిచేస్తుంది. కానీ అది చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే కెమెరా తన సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది, ఫొటో సుమారు 10 మెగాపిక్సెళ్లకు పడిపోతుంది. మీ డీ90 ఇచ్చేది 12. అంటే అంత డబ్బు పోసి, పాత లెన్స్‌తో పాత కెమెరా కన్నా తక్కువ పిక్సెళ్లు తెచ్చుకున్నట్టు!

అదే 18-105ను ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ ఉన్న జెడ్50 లాంటి బాడీకి తగిలిస్తే దాదాపు 20 మెగాపిక్సెళ్లు పూర్తిగా దక్కుతాయి. మీరు రాసిన అవసరాలకు ఏపీఎస్-సీ చాలు. బాడీ తేలిక, లెన్సులు చిన్నవి, చిన్న సెన్సర్ దృశ్యంలో మధ్య భాగాన్నే పట్టడం (1.5 క్రాప్) వల్ల 400 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్ మీది 600 అంత దగ్గరగా చూపిస్తుంది. బాగా చీకట్లో తీయడానికి, వెనక భాగం బాగా మసకబారాలనుకుంటే ఫుల్ ఫ్రేమ్‌దే పైచేయి, కాదనను.

నికాన్‌కే కట్టుబడాలా? పాత లెన్సు ఒక్కటి అక్కరకొస్తోందని సిస్టమ్‌కు కట్టుబడకండి. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ మౌంట్ 2012 నుంచి ఉంది, ఏపీఎస్-సీ లెన్సుల మీద నిజంగా శ్రద్ధ పెట్టిన కంపెనీ. సోనీ ఈ మౌంట్ 2010 నుంచి ఉంది, సిగ్మా, టామ్రాన్ లెన్సులు దానికి బోలెడు దొరుకుతాయి, సెకండ్ హ్యాండ్‌లో కూడా. మూడింటినీ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పట్టు నచ్చని కెమెరా ఇంట్లోనే ఉండిపోతుంది, మీకు తెలియనిది కాదు.

కొనే ముందు ఒక పని చేయండి, దీనికి ఖర్చు లేదు. పాత హార్డ్ డిస్క్ తెరిచి, మీకు బాగా నచ్చిన ఓ వంద ఫొటోలు ఏరండి. ఒక్కో ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ అని అంకె కనిపిస్తుంది. కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కించండి. నేనలా చేసినప్పుడు సగానికి పైగా 35 ఎంఎం చుట్టుపక్కలే తేలాయి, నేను మాత్రం అప్పటిదాకా దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్సుల ధరలే చూస్తూ కూర్చున్నాను. మీ గీతలు ఎక్కడ ఎక్కువ పడితే అక్కడ ఒక మంచి లెన్స్ కొనండి. మిగతావి ఆగుతాయి.

పక్షుల లెన్సుకు అద్దె లెక్క వేయండి. లెన్స్ 100 అనుకోండి, ఐదేళ్లు వాడి 55కు అమ్మితే పోయేది 45. ఏడాదికి ఆరు రోజులు వాడితే ఐదేళ్లలో 30 రోజులు. రోజుకు 1.5 పడింది. మీకు దొరికే అద్దె, లెన్స్ ధరలో రోజుకు ఒకటిన్నర శాతం కంటే తక్కువైతే అద్దెకు తీసుకోవడమే మేలు. రోజుల లెక్క మాత్రం ఉన్నదున్నట్టు వేయండి, ఊహల్లో అందరం ప్రతి ఆదివారం పొద్దున్నే లేస్తాం.

బాడీ కొత్తది తీసుకున్నా లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో చూడమంటాను. లెన్స్ రెండు మూతలు తీసి, ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, ముందు నుంచి కాస్త పక్కకు వంచి చూడండి. సాలెగూటి పోగుల్లా సన్నగా అల్లుకున్నది కనిపిస్తే ఫంగస్, తిరిగి ఇచ్చేయండి. ఒకటీ అరా దుమ్ము రేణువుకు భయపడొద్దు. ఫోకస్ రింగు తిప్పితే గరగరమనకూడదు. లోపల వెలుతురును తగ్గించి పెంచే అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉంటే అదీ వద్దు.

చివరగా ఆ డీ90. అమ్మితే వచ్చేది మీ బడ్జెట్‌ను కదిలించదు. పిల్లల్లో ఒకరికి ఆ 50ఎంఎం లెన్సు తగిలించి ఇచ్చేయండి, దానిపై ఆటోఫోకస్ ఇప్పటికీ పనిచేస్తుంది.