కాల్షియం పోలేదు, లెక్కే తప్పింది

ప్రశ్న: మా అత్తకు 66 ఏళ్లు. ఈమధ్య తిరుపతిలో ఇంజెక్షన్ ఇచ్చి తలకు ఎమ్మారై తీశారు. ఆ సాయంత్రం చేసిన రక్తపరీక్షలో కాల్షియం 6.3 వచ్చింది. ఎప్పుడూ 9కి తగ్గేది కాదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆమె మాత్రం మామూలుగానే ఉంది. మర్నాడు చూస్తే 9.2! ఆ మందు ఎముకల్లో బలం లాగేసిందా? పూటపూటా రాగిసంగటి పెట్టాలా?
– ఒక కోడలు, పలమనేరు

జవాబు: లేదమ్మా, ఎముకలకేమీ కాలేదు. కాల్షియం నిజంగా అంత కిందికి పడిపోతే మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం లాంటివి సాధారణంగా కనిపిస్తాయి. మీ అత్తగారికి అవేవీ లేవంటున్నారు.

నేను ల్యాబులో ఉన్నన్నాళ్లూ ఈ పరీక్షను రంగుతోనే చేసేవాళ్లం. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీటిలో, ఒక రసాయనం కలిపితే, అది కాల్షియంతో జతకట్టి ఊదారంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే కాల్షియం అంత ఎక్కువని మెషీన్ లెక్క. ఎమ్మారైకి వాడే గాడోలినియం మందుల్లో గాడోడయమైడ్, గాడోవర్సెటమైడ్ అనేవి ఈ రంగుకు అడ్డం పడతాయి. రంగు పలచబడి, అంకె పడిపోతుంది. ఒంట్లో కాల్షియం ఎక్కడిదక్కడే ఉంటుంది. గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్‌లతో ఈ పేచీ లేదు. మీవాళ్లకు ఏది ఇచ్చారో స్కానింగ్ కాగితాల్లో చూడండి. కిడ్నీలు బాగుంటే ఒంట్లోని మందు గంటన్నరకోసారి సగం చొప్పున తగ్గుతూ మూత్రంలో పోతుంది. మర్నాడు 9.2 వచ్చింది అందుకే అయ్యుండాలి.

నాకు అసలు భయం, ఆ అంకెను నమ్మి కంగారుగా నరానికి కాల్షియం ఎక్కించేస్తారేమోనని. గుండెజబ్బుకిచ్చే డిగాక్సిన్ మందు వాడేవాళ్లకైతే గుండె లయ తప్పొచ్చు. అనుమానం వస్తే అయనైజ్డ్ కాల్షియం, అంటే రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉండే కాల్షియం, పరీక్ష చేయమని అడగండి. దాన్ని ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారు, రంగుతో పనిలేదు.

సీటీకి ఎక్కించే అయోడిన్ డై సంగతి వేరు. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవారికి రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె), ఒక్కోసారి పొటాషియం కూడా పెరగొచ్చు. అది నిజంగా పెరగడమే, తేలిగ్గా తీసుకోకూడదు.

సంగటి అంటారా, నిక్షేపంగా పెట్టండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, పక్కన చెనిక్కాయల ఊరిబిండి ఉంటే ఇంకేం కావాలి! ఆ 6.3కి మందుగా మాత్రం అక్కర్లేదు.

క్రియాటినిన్ ఎంతో మీరు రాయలేదు. అది ఎక్కువుంటే ఎమ్మారై మందు ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, మళ్లీ ఇదే తప్పు అంకె రావచ్చు. ఇంకోసారి స్కాన్ రాస్తే, పరీక్షకు రక్తం స్కాన్ కంటే ముందే తీయించండి.