ఆ పదేళ్ళూ ఏమయ్యాయి?

అమ్మాయీ,

అమెరికా నర్తకి రూత్ సెయింట్ డెనిస్ మీద నువ్వు రాసిన వ్యాసం శనివారం అందింది. రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. అది తగ్గకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

"కొన్నేళ్ళ పోరాటం తర్వాత, 1904లో బఫెలో నగరంలో చూసిన ఒక సిగరెట్ పోస్టర్ ఆమె జీవితాన్ని మార్చేసింది" అన్నావు. కొన్నేళ్ళంటే ఎన్నేళ్ళమ్మా? 1894లో, పదిహేనేళ్ళ వయసులో, న్యూయార్క్‌లో వర్త్ మ్యూజియం అనే చోట ఆమె స్టేజీ ఎక్కింది. పేరుకే మ్యూజియం. పది సెంట్ల టికెట్టు పెట్టి వింతలూ విడ్డూరాలూ చూపించే చోటు. అక్కడ స్కర్ట్ డాన్స్, అంటే పొడవాటి పావడా ఊపుతూ ఆడే ఆట, చేసే పిల్లలు అదే డాన్సును రోజుకు 11 సార్ల దాకా చేయాల్సి వచ్చేది. అప్పటికామె ఉత్త రూత్ డెనిస్, న్యూజెర్సీలో పొలం మధ్య పెరిగిన పిల్ల. ఒళ్ళు ఎలా వంచాలో, చెయ్యి ఎలా కదపాలో మొదట నేర్పింది వైద్యం చదువుకున్న తల్లే. ఆ తర్వాత న్యూయార్క్ నాటక నిర్మాత డేవిడ్ బెలాస్కో నాటకాల్లో ఏళ్ళ తరబడి చిన్నచిన్న వేషాలు, ఊరూరా తిరుగుళ్ళు. పేరులోకి "సెయింట్" వచ్చింది ఆ బెలాస్కో మాట వల్లే. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో జపాన్ నటి సదా యాకోను చూసింది. ఇదంతా నువ్వు మూడు మాటల్లో దాటేశావు.

బఫెలోలో మందుల షాపు అద్దం వెనక ఉన్న ఆ పోస్టర్‌ను దారినపోయే వాళ్ళందరూ చూశారు. ఈజిప్టు దేవత ఐసిస్ కదలకుండా కూర్చున్న బొమ్మ. ఆ కదలకపోవడంలో నాట్యం ఉందని తెలుసుకోవాలంటే అంతకుముందు పదేళ్ళు స్టేజీ మీద ఎగిరి అలిసిపోయి ఉండాలి. పైగా ఆ పోస్టర్‌లోంచి పుట్టిన ఈజిప్టు నాట్యం ప్రదర్శనకు వచ్చింది 1910లో. మధ్యలో ఆరేళ్ళు. ఆ సెట్టింగులకూ మనుషులకూ పెట్టడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. ముందు తక్కువ ఖర్చుతో ఇంకోటి చేసి సంపాదిద్దామనుకుంది. అలా వచ్చిందే "రాధ" అనే నాట్యం. మొత్తం కథకు ఇరుసు లాంటి ఆ ముక్క నీ వ్యాసంలో లేనే లేదు.

తప్పంతా నీది కాదని నాకు తెలుసు. ప్రేరణ కథలుంటేనే ఎడిటర్లకు ఇష్టం. పాతికేళ్ళ కిందట తెనాలి దగ్గర ఒక పల్లెలో, పద్యనాటకాల్లో నలభై ఏళ్ళు వేషం కట్టిన ఒకావిడ దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. రాత్రికి ఎంత ఇచ్చేవాళ్ళు, తెల్లవారుజామున రంగు కడుక్కోవడానికి నీళ్ళు దొరక్కపోతే ఏం చేసేది, చంటిపిల్లను తెర వెనక ఎవరికి అప్పగించేది, అన్నీ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ వాటిని తీసేసి, ఆవిడ చిన్నప్పుడు గుళ్ళో హరికథ విని పరవశించిన నాలుగు లైన్లు మాత్రం వేశాడు. అచ్చయిన కాపీ తీసుకెళ్ళి ఆవిడకు ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. పోస్టులో పంపాను. ఆవిడ జవాబు రాయలేదు.

నా సంగతీ అంతే. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ తొమ్మిదేళ్ళు గడిపాను. ఇతరుల వాక్యాలు దిద్దీ దిద్దీ నా వాక్యం నాకు దొరికింది. తర్వాత నా మీద ఎవరు రాసినా, వానాకాలం సాయంత్రం కిటికీ దగ్గర మొదటి కథ పుట్టిందనే రాశారు. ఆ ప్రెస్సులో కిటికీయే లేదు.

ఇక "రాధ" దగ్గరికి వద్దాం. "భారతీయ సంస్కృతికి రాయబారి" అని రాసి ఊరుకున్నావు. అప్పటికామె భారతదేశం చూడనే లేదు. చూసింది కోనీ ఐలాండ్ ప్రదర్శనలో పాములవాళ్ళనూ నాచ్ ఆడే అమ్మాయిలనూ. కృష్ణుడి రాధను తీసుకెళ్ళి జైన దేవాలయంలో విగ్రహంగా కూర్చోబెట్టింది. ఆ విగ్రహానికి ప్రాణం వచ్చి పంచేంద్రియాల నాట్యం చేసి మళ్ళీ ధ్యాన సమాధిలోకి వెళ్ళిపోతుంది. సంగీతం ఫ్రెంచి స్వరకర్త డెలీబ్‌ది. ఇది దాచకు. దాన్ని పట్టుకుని ఒక్క తిట్టు తిట్టి వదిలేయనూ వద్దు. పూజారులుగా నిలబడిన భారతీయులు ఎవరు? న్యూయార్క్‌లో దుకాణాల్లో పనిచేసే వాళ్ళు, చదువుకోడానికి వెళ్ళిన వాళ్ళు. 1906 జనవరిలో, జనం పొగ తాగుతూ చూసే ఆదివారం రాత్రి కచేరీలో, వాళ్ళు ఆ వేషాలతో నిలబడ్డారు. ఆ ఏడాదే ఆమె యూరప్ వెళ్ళింది, వియన్నా కవి హాఫ్‌మన్‌స్తాల్ ఆమె మీద వ్యాసం రాశాడు.

సరిగ్గా ఆ కాలంలో మన దగ్గర ఏం జరుగుతోంది? వీరేశలింగం గారి లాంటి వాళ్ళ ప్రచారంతో, పెళ్ళిలో భోగంమేళం పెట్టించడం పరువుతక్కువ అనే మాట మద్రాసు ప్రెసిడెన్సీలో బలపడుతోంది. అసలు ఆడేవాళ్ళకు ఇక్కడ చోటు తగ్గుతూ వచ్చింది, వాళ్ళ ఊహాచిత్రానికి అక్కడ చప్పట్లు పెరిగాయి. 1926లో, భర్త టెడ్ షాన్‌తో కలిసి పెట్టిన డెనిషాన్ బృందంతో ఆమె మన దేశానికి వచ్చి నాట్యం చేసింది. ఇక్కడ తగ్గిన ఆ చోటునూ అక్కడ పెరిగిన ఆ చప్పట్లనూ పక్కపక్కన పెట్టి రాయగలిగే తెలుగమ్మాయివి నువ్వు. రాయకుండా "రాయబారి" అంటే నాకెలా ఉంటుంది చెప్పు?

ఆధునిక నాట్యంలో పేరుపడ్డ మార్తా గ్రాహం ఆమె దగ్గరే నేర్చుకుందన్న పేరా బాగానే ఉంది, ఉంచు.

నీ కాపీ వెనక్కి పంపుతున్నాను. మూడో పేజీలో ఆ మూడు మాటల కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. అక్కడ ఆరు పేజీలు కావాలి. వర్త్ మ్యూజియంలో పదకొండో ఆట దగ్గర మొదలుపెట్టు. దసరాలోపు పంపితే నేను కళ్ళ ఆపరేషన్‌కు వెళ్ళేముందే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి