వ్యాను వచ్చే వేళకు అక్కడ ఉండండి

ప్రశ్న: "మా ఊళ్లో ఆటిజం ఉన్న పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కార్యవర్గంలో సభ్యునిగా చేరమని నన్ను అడుగుతున్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని. ఆటిజం గురించి ఏమీ తెలియదు. చేరవచ్చునా? ఎంత సమయం కేటాయించవలసి ఉంటుంది?"

తప్పకుండా చేరండి. ఆటిజం అంటే మాట్లాడడం, నలుగురితో కలవడం, అలవాటైన పద్ధతి మారితే తట్టుకోవడం కష్టమయ్యే, పుట్టుకతో వచ్చే ఎదుగుదల తేడా. దాని గురించి తెలియకపోవడం అడ్డంకి కానే కాదు. తెలియదన్న సంగతి దాచుకుని, తెలిసినట్లు తల ఊపుతూ కూర్చునేవారి వల్లనే, నేను చూసినంతలో, ఇలాంటి సంస్థలకు ఎక్కువ నష్టం జరిగింది. మా అబ్బాయికి ఇప్పుడు 19 ఏళ్లు. గుంటూరులో వాడు పదేళ్లకు పైగా వెళ్లిన సంస్థలోనే నేను ఆరేళ్లు కోశాధికారిగా, ఆ తరువాత రెండేళ్లు మామూలు సభ్యునిగా ఉన్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేది మేమంతా కలిసి చేసిన ఒక పొరపాటు గురించి. ఆ తీర్మానం కింద నా సంతకం కూడా ఉంది.

అప్పట్లో పిల్లలను తీసుకురావడానికి రెండు వ్యాన్లు తిరిగేవి. ఒకటి గోరంట్ల నుంచి అమరావతి రోడ్డు మీదుగా వచ్చేది, రెండవది విద్యానగర్ వైపు పిల్లలను ఎక్కించుకునేది. విరాళాలు బాగా తగ్గిపోయిన ఏడాది అది. ఒకే వ్యానును ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా తిప్పి అందరినీ ఎక్కించుకుంటే, డీజిల్, ఒక డ్రైవరు జీతం కలిపి నెలకు 14 వేల రూపాయల దాకా మిగులుతుందని నేనే కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆదివారం సాయంత్రం జరిగిన సమావేశంలో, టీ వచ్చేలోపే, ఆ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ గదిలో ఉన్న తొమ్మిది మందిలో ఒక డాక్టరు గారు, ఒక విశ్రాంత ప్రిన్సిపాల్ గారు, ఇద్దరు వ్యాపారులు, నాలాంటి తల్లిదండ్రులు ముగ్గురు ఉన్నారు. మాలో ఒక్కరమైనా ఒక్కనాడైనా ఆ వ్యాను ఎక్కినవాళ్లం కాదు. మా అబ్బాయిని నేనే స్కూటరు మీద దింపేవాణ్ణి.

మారిన దారిలో వ్యాను నడిచిన మొదటి రోజు మంగళవారం. చెక్కుల మీద సంతకాలు చేయడానికి ఆ ఉదయం నేను అక్కడికి వెళ్లాను. వ్యాను గేటు లోపలికి వచ్చి ఆగింది, పిల్లలంతా దిగారు, 12 ఏళ్ల అబ్బాయి ఒకడు మాత్రం కిటికీ పక్క సీటులోనే ఉండిపోయి నుదురు అద్దానికేసి కొట్టుకుంటున్నాడు. ఆయా వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అద్దానికీ వాడి నుదుటికీ మధ్య తన చేయి అడ్డం పెట్టింది. వాడు కొట్టుకున్న ప్రతిసారీ ఆమె వేళ్ల కణుపులు అద్దానికి తగిలి టకటకమంటున్నాయి. ఆమె చేయి తీయలేదు, వాణ్ణి గదమాయించనూ లేదు. "వెళ్దాం నాన్నా, వెళ్దాం" అని ఒకే గొంతుతో అంటూనే ఉంది. ఏమైందని నేను కిటికీ బయట నుంచి అడిగితే, "నీలం షట్టర్ రాలేదండీ" అంది.

ఆ మాట నాకు అర్థం కాలేదు. డ్రైవరు చెబితే తెలిసింది. అమరావతి రోడ్డులో ఎప్పుడూ మూసి ఉండే ఒక దుకాణానికి నీలం రంగు షట్టర్ ఉంది. రోజూ వ్యాను దాని ముందుకు రాగానే ఆ అబ్బాయి "నీలం" అనేవాడు, ఆయా "అవును నాన్నా, నీలం" అనేది, ఆ తరువాతనే వాడు సంచీ భుజాన వేసుకుని దిగడానికి సిద్ధమయ్యేవాడు. రోజు మొత్తం మీద వాడు పలికే మాటలు పదికి మించవు, అందులో మొదటిది అది. పొదుపు పేరుతో మేము ఆ మాటను వాడి నోట్లో నుంచి తీసేశాము.

డ్రైవరు ఎవరి అనుమతీ అడగకుండా వ్యాను వెనక్కి తిప్పి, వాణ్ణీ ఆయానూ తీసుకుని అమరావతి రోడ్డు వైపు వెళ్లాడు. అరగంటలో తిరిగి వచ్చేసరికి ఆ అబ్బాయి తనంతట తానే దిగి తరగతిలోకి నడిచి వెళ్లాడు. ఆయా కుళాయి కింద చేయి పెట్టుకుని నిలబడింది, నాలుగు వేళ్లూ వాచి ఉన్నాయి. "ఈ సంగతి ముందే చెప్పవలసింది కదమ్మా" అన్నాను. "నన్నెవరూ అడగలేదు కదండీ" అంది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు, జరిగినది జరిగినట్లు చెప్పింది, అంతే.

ఆ వారంలోనే పాత దారిని పునరుద్ధరించి, స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు) చేత కొత్త దారిలోని ఆరు చోట్ల ఫొటోలు తీయించి, లామినేషన్ చేయించి, వెల్క్రోతో ఒక అట్ట మీద వరుసగా అంటించాము. వ్యాను ఒక్కో చోటు దాటుతుంటే అట్ట మీది నుంచి ఒక్కో ఫొటో ఊడదీసి ఆ అబ్బాయి చేతికి ఇవ్వాలి. కొత్త దారిలో లేకపోయినా, అన్నిటికన్నా చివర ఆ నీలం షట్టర్ ఫొటో కూడా పెట్టాము. దారి మారబోతోందని రోజూ ఆ అట్ట చూపించి చెప్పి, మూడు వారాల తరువాత మార్చాము. ఆ అబ్బాయి షట్టర్ ఫొటో పట్టుకుని, "నీలం" అని, దిగాడు. అయిన ఖర్చు మూడు వందల రూపాయల లోపే. ఈ పని మొదటే చేసి ఉండవచ్చు, కానీ దారి మార్చేముందు అడగవలసినది ఎవరినో మాకు తెలియలేదు.

అందుకే పనిదినాన ఒక పూటైనా పిల్లలు వచ్చే కేంద్రంలో గడపని వ్యక్తి ఇలాంటి సంస్థకు దారి చూపలేరని నేను గట్టిగా నమ్ముతాను. ఎంత పేరున్నవారైనా సరే, లెటర్‌హెడ్ మీద వారి పేరు వల్ల పిల్లలకు వీసమెత్తు మేలు కలగదు. ఏప్రిల్ 2వ తేదీన, ఐక్యరాజ్య సమితి తీర్మానం మేరకు 2008 నుంచి జరుగుతున్న ప్రపంచ ఆటిజం అవగాహన దినాన, మన ఊళ్లలో ఏమి చేస్తారో చూడండి. ఆవరణలో షామియానా వేసి, పెద్ద సౌండ్ బాక్సులు పెట్టి, వేదిక మీద అతిథులకు శాలువాలు కప్పుతుంటే, కింద మొదటి వరుసలో పిల్లలు రెండు చెవులూ మూసుకుని వంగిపోయి కూర్చుంటారు. మైకు చప్పుడు భరించలేని పిల్లల గురించి మైకులో అవగాహన కల్పించే ఆ కార్యక్రమాన్ని మా కార్యవర్గం రెండేళ్లు ఆమోదించింది. మూడో ఏడాది ఒక తల్లి లేచి, "మా పాప ఇంటికి వెళ్లాక రెండు రోజులు అన్నం తినదు" అని చెప్పాకే మైకు మానేశాము.

ఇక మీ బ్యాంకు అనుభవం సంగతి. అది సంస్థకు చాలా అవసరం. దాతల వివరాలు మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకు పంపకపోతే విరాళాలపై పన్ను మినహాయింపు విషయంలో దాతలే ఇబ్బంది పడతారు. మంచి మనసుతో మొదలైన చిన్న సంస్థలు ఇలాంటి కాగితాల దగ్గరే తడబడతాయి. అయితే లెక్కల పుస్తకం దగ్గరే ఆగిపోకండి. పాఠాలు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లకూ స్పీచ్ థెరపీ చేసేవారికీ భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉన్నదో లేదో అడిగి, పత్రం కళ్లతో చూడండి. 1992 నాటి చట్టం ప్రకారం అది ఉండవలసిందే. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు చెల్లించే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఎంతమంది పిల్లలకు ఉంది, ఎంతమందికి గడువు తీరిపోయింది అని ఒకసారి లెక్క అడగండి. మా సంస్థలో నేను అడిగేవరకూ ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. 18 ఏళ్లు నిండబోతున్న పిల్లల జాబితా కూడా అడగండి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీ ద్వారా సంరక్షకుల నియామకం చేయించుకోవచ్చునని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నాకూ మా అబ్బాయి విషయంలో ఆలస్యంగానే తెలిసింది.

కార్యవర్గంలో తల్లిదండ్రులు ఉంటే చాలు అనేవారితో కూడా నేను పూర్తిగా ఏకీభవించలేను. లండన్‌లో 1962లో నేషనల్ ఆటిస్టిక్ సొసైటీని తల్లిదండ్రులే స్థాపించారు, ప్రపంచమంతటా ఈ సంస్థలు ఎక్కువగా అలాగే పుట్టాయి, వారి కష్టం లేనిదే ఇవి లేవు. కానీ మాలో ప్రతి ఒక్కరికీ ముందు మన బిడ్డే కనిపిస్తాడు. ఫీజు రాయితీల చర్చ వచ్చినప్పుడు రాయితీ పొందుతున్న తల్లిదండ్రులు గదిలో నుంచి లేచి వెళ్లాలన్న నియమం పెట్టడానికి మాకు ఏడాది పట్టింది. ఆటిజం ఉన్న పెద్దవారిని కార్యవర్గంలోకి తీసుకోవడమైతే మన దగ్గర ఇంకా ఊహకే అందడం లేదు. అమెరికాలో ఆటిజం స్పీక్స్ వంటి పెద్ద సంస్థకే స్థాపించిన పదేళ్లకు, 2015లో గాని, ఆటిజం ఉన్న ఇద్దరిని బోర్డులోకి తీసుకోవాలని తోచలేదు. మీరు చేరితే ఈ ప్రశ్నను మొదటి సమావేశంలోనే లేవనెత్తండి. కొందరు ముఖం చిట్లించినా సరే, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించండి.

సమయం గురించి అడిగారు. నెలకు రెండు పూటలు చాలు, ఒకటి సమావేశానికి, ఒకటి కేంద్రానికి. ఆ రెండవది మాత్రం ఆదివారం కాకూడదు, మధ్యాహ్నం కాకూడదు, ముందుగా ఫోను చేసి వెళ్లకూడదు. ఉదయం వ్యాను వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడి, పిల్లలంతా దిగాక, ఆయాతో పది నిమిషాలు మాట్లాడండి. మా సంస్థలో ఇప్పుడు మూడు నెలలకు ఒకసారి జరిగే సమావేశంలో మా ఆయాకు కూడా ఒక కుర్చీ ఉంది. మొదటిసారి పిలిచినప్పుడు ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది. ప్రిన్సిపాల్ గారు లేచి వెళ్లి కుర్చీ లాగి కూర్చోబెట్టాక, పెద్ద గదిలో మూడో ఫ్యాను కీచుమంటోందని, దాని కింద కూర్చోబెట్టిన పిల్లలే రోజూ ఏడుస్తున్నారని చెప్పింది.