మోకాలు వాచి జ్వరం ఉంటే రేపటిదాకా ఆగొద్దు

చెల్లెమ్మా, మీ అన్నయ్య హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు, మూడు రోజులుగా కుడి మోకాలు వాచి జ్వరం, ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తానంటున్నారు అని రాశారు. దయచేసి ఆ ఇంజెక్షన్ వేయించొద్దు. కీలులో బ్యాక్టీరియా చేరి ఉంటే స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది.

రెండు మోకాళ్ల మీదా అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. వాచినది వేడిగా ఉండి, కొంచెం కదిపినా ప్రాణం పోయినట్టు ఉందంటే ఈ రోజే ఎముకల డాక్టరున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. చీము పట్టిన కీలులో మృదులాస్థి, అంటే ఎముకల చివర ఉండే నున్నటి పొర, కొన్ని రోజుల్లోనే దెబ్బతింటుంది.

అక్కడ ముందుగా సూదితో కీలులోని నీరు తీయాలి. మా బాబాయికి తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మామూలుగా లేత పసుపుగా, తేటగా ఉండాల్సిన నీరు మజ్జిగలా వచ్చింది. ఏ క్రిమో తెలుసుకునే కల్చర్ పరీక్షకు పంపితే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా దొరికేది అదే. టీబీ పరీక్ష కూడా చేయమని మీరే గుర్తుచేయండి. పరిస్థితి మరీ విషమంగా లేకపోతే, నీరు తీశాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మంచిది, లేకుంటే కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు.

ఏఆర్‌టీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. టీబీ అని తేలి రిఫాంపిసిన్ అనే టీబీ మందు ఇస్తే మాత్రం, ఏఆర్‌టీలో డొలుటెగ్రావిర్ అనే మందు ఉంటే దాని మోతాదు మార్చాలి, ఏఆర్‌టీ సెంటర్‌కు చెప్పండి.

హెచ్‌ఐవీ అని చెప్పడానికి భయపడకండమ్మా. ఆ కారణంతో వైద్యం నిరాకరించకూడదని 2017 చట్టం ఉంది. ఎవరైనా ఇబ్బంది పెడితే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.