నువ్వు అడిగిన విత్తనం పంపడం లేదు

గుణుపురం

అమ్మడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

భువనేశ్వర్‌లో ఉద్యోగం మానేసి సెమిలిగుడ పొలంలో అరెకరం బీన్స్ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే గుండె పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

"మావయ్య దగ్గర పాత విత్తనం ఉంటే పంపమను, తెగుళ్లకు ఏ మందు కొట్టాలో అడుగు" అన్నావట. విత్తనం పంపను. కోపం తెచ్చుకోకుండా ఎందుకో విను.

మీ అమ్మ పెళ్లయిన ఏడాది ఇక్కడ వంశధార ఒడ్డున చలికాలపు బీన్స్ వేశాను. కార్తీకంలో తుఫాను పట్టి నాలుగు రోజులు ముసురు. కాయల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. మధ్యలో గుంట, చుట్టూ ఎర్రటి అంచు. తర్వాత ఎండ కాసింది, తెగులు ఆగింది. మచ్చకాయలు సంతలో ఎవరూ కొనరు కదా అని వాటిని మొక్క మీదే ఎండనిచ్చి విత్తనం చేశాను. నాలుగు డబ్బులు మిగిలాయని సంబరపడ్డాను. అందులో బాగున్న గింజలు ఏరి, ఐదు కిలోలు మూటగట్టి సారెతో పాటు మీ అమ్మకిచ్చాను.

పైకి నున్నగా కనిపించే గింజలోనే ఆ మచ్చ తెగులు తెచ్చే శిలీంద్రం దాక్కుంటుందని అప్పుడు నాకు తెలియదు. ఇక్కడి ఎండకు అణిగి ఉన్నది మీ కొండమీది పొగమంచుకు, వాన చల్లదనానికి రెచ్చిపోయింది. మొలక బద్దల మీదే మచ్చలు వచ్చాయి. మీ అమ్మ పాపం వాన వెలిసీ వెలవగానే తడిచేలోకి దిగి కలుపు తీసేది. చేతులకు, చీర కుచ్చెళ్లకు అంటుకుని తెగులు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పాకింది. ఆ ఏడు సంతకు ఒక్క గంప పోలేదు. నాకు మాత్రం "ఈసారి వానలు ఎక్కువయ్యాయి అన్నయ్యా" అని రాసింది. దసరాకు వచ్చి కాయ కోసి చూశాను. అదే మచ్చ. నోరు పెగల్లేదు. ఇన్నేళ్లూ చెప్పలేదు. ఈ ఉత్తరం తనకూ చదివి వినిపించు.

ఇక పనుల సంగతి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంద్రాలను అణిచే మంచి శిలీంద్రపు పొడి) కలిపి, నీడలో తడిపి, గోనె కప్పి పది రోజులు ఉంచి దుక్కిలో చల్లు. వేరుకుళ్లు, ఎండు తెగులు మట్టిలోంచే వస్తాయి, వాటికి పైన కొట్టే మందు పెద్దగా పనిచేయదు. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించు. నీళ్లు నిలవకుండా కాలువ తియ్యి. పోయినేడు చిక్కుడో బీన్సో ఉన్న మడి అయితే ఈ ఏడు వద్దు, రెండు మూడేళ్లు చోడి (రాగి), మొక్కజొన్న వెయ్యి.

మందు గురించి మొదటే అడిగావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. మందు ఆఖరున, తెగులు కనిపించాక. మచ్చ తెగులు మొదలైతే లీటరు నీళ్లకు 2.5 గ్రాముల మాంకోజెబ్. ఆకు మీద బూడిద పూసినట్టుంటే నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు, అదీ చల్లపూట, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మచ్చ పడిన ఆకులు, కాయలు పీకి గట్టున పడెయ్యకు, కాల్చెయ్యి. అనుమానం వస్తే సెమిలిగుడ కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక మొక్క పట్టుకెళ్లు, ఎవరో చెప్పారని కొట్టకు. డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి కాయ కొయ్యి. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా పంపు భుజానికెత్తావని తెలిస్తే ఆ రోజే బస్సెక్కి వస్తాను తల్లీ. నీకు చిన్నప్పటి నుంచి ఆయాసం, నేను మర్చిపోలేదు.

తడి ఆరకుండా చేలోకి దిగకు. ఇది మాత్రం నా మీద ఒట్టు.

ధ్రువీకరించిన విత్తనానికి డబ్బు మీ అమ్మ ఖాతాలో వేశాను. వద్దంటే వినకు. సంచి మీద తేదీ చూసి కొను, రసీదు దాచు. మొలకలు రెండాకులు వేశాక ఫోటో పంపు, ఆకు అడుగువైపు కూడా కనిపించాలి.

మావయ్య