అల రెట్టింపయితే దెబ్బ ఎంత?

ప్రశ్న: సార్, మా అల్లుడు ముంబై హైలో ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద పని చేస్తాడు. మొన్న సెలవుకొచ్చినప్పుడు "అల ఎత్తు రెట్టింపయితే దెబ్బ నాలుగింతలు పడుతుంది మామా" అన్నాడు. అప్పట్నించి మా అమ్మాయికి ఒకటే టెన్షన్. ఇది నిజమేనా? ఇవన్నీ ముందే లెక్కగట్టి కడతారా, లేక దేవుడి మీద భారమేనా? పైన మనుషులు, యంత్రాలు ఉండే డెక్ దాకా అల వస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: అల్లుడు గారు చెప్పింది ఆయన పనిచేసే చోటికి దాదాపు నిజం, అన్ని చోట్లకీ కాదు.

నీళ్లలో నిలబెట్టిన స్తంభం మీద అల వేసే బలాన్ని 1950లో కాలిఫోర్నియాలో మోరిసన్, ఆయన సహచరులు రెండు భాగాలుగా విడదీశారు. ఒకటి డ్రాగ్, అంటే పారే నీరు స్తంభాన్ని తనతో ఈడ్చే బలం. అల ఎత్తు రెట్టింపయితే నీటి వేగమూ దాదాపు రెట్టింపవుతుంది, వేగం రెట్టింపయితే డ్రాగ్ నాలుగింతలవుతుంది. రెండోది జడత్వ బలం, అంటే నీటి వేగం మారుతున్నప్పుడు పడే తోపు. అల వచ్చే వ్యవధి మారకుండా ఎత్తు మాత్రం రెట్టింపయితే ఇదీ రెట్టింపే, అంతకు మించదు. ముంబై హైలో ఉన్నవి ఎక్కువగా జాకెట్లు, అంటే సముద్రం అడుగున నిలబెట్టిన స్టీలు గొట్టాల చట్రాలు. మీటరు, మీటరున్నర మందముండే ఆ కాళ్ల మీద పెద్ద అలలొచ్చినప్పుడు డ్రాగ్‌దే పైచేయి. పది మీటర్ల మందమున్న కాంక్రీటు స్తంభమైతే జడత్వం ముందుకొస్తుంది, అక్కడ ఈ నాలుగింతల లెక్క పనికిరాదు. పైగా కాళ్లకు గుల్లలు, నాచు పట్టుకుంటే గొట్టం లావెక్కుతుంది, గరుకవుతుంది, డ్రాగ్ ఇంకా పెరుగుతుంది. వాటిని గీకించే పనికి డైవర్లను దించేది ఉత్తినే కాదు.

అసలు చిక్కు అల ఆకారంలో ఉంది. క్లాసులో మేం బోర్డు మీద గీసే అలకు నెత్తి ఎంతో పల్లమూ అంతే. నిజం అల అలా ఉండదు. 2022లో గూడూరు వైపు కలిశాక మన తిరుపతి జిల్లాకూ సముద్రమొచ్చింది కదా, ఓసారి తూపిలిపాళెం వెళ్లి చూడండి. నెత్తి నిటారుగా, సన్నగా ఉంటుంది, రెండు నెత్తుల మధ్య పల్లం వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. 1995 జనవరి 1న నార్త్ సీలో డ్రాప్నర్ ప్లాట్‌ఫామ్ దగ్గర లేజర్ కొలిచిన అల మొత్తం ఎత్తు 25.6 మీటర్లు. అందులో సగటు నీటిమట్టం పైన ఉన్నదే 18.5 మీటర్లు. బోర్డు మీది అల ప్రకారమైతే 12.8 ఉండాలి! నీరు అన్నిటికంటే వేగంగా కదిలేది ఆ నెత్తిలోనే, స్తంభాన్ని పునాది దగ్గర వంచే శక్తీ అక్కడే ఎక్కువ. అందుకే డిజైన్ చేసేవాళ్లు అల ఆకారాన్ని మెట్టుమెట్టుగా సరిదిద్దుకుంటూ లెక్కగట్టే పద్ధతిని, 1847లో గణితవేత్త స్టోక్స్ మొదలుపెట్టినదాన్ని, ఐదో మెట్టు దాకా పొడిగించి వాడతారు.

ఇంకొకటుంది, ఇది మాత్రం లోతు నీళ్ల ప్లాట్‌ఫామ్‌ల బాధ. 12 సెకన్లకొకటి వచ్చే అల వంకరగా ఉండటం వల్ల దాని బలంలో 6 సెకన్లవీ 4 సెకన్లవీ చిన్న తోపులు కూడా కలిసి ఉంటాయి. ప్లాట్‌ఫామ్ సహజంగా ఊగే వ్యవధీ 4 సెకన్ల దగ్గరుంటే, అల దాటిపోయాక కూడా కొట్టిన గుడిగంటలా అది అదురుతూనే ఉంటుంది. 1990ల మొదట్లో నార్వేవాళ్ల హైడ్రన్ ప్లాట్‌ఫామ్ నమూనాను పరీక్షించినప్పుడు ఇది బయటపడింది. 1995లో ఫాల్టిన్సన్, న్యూమన్, వింజే అనే పరిశోధకులు దానికి ఒక సిద్ధాంతం రాశారు. అయినా నా మట్టుకు, ఈ విషయంలో కంప్యూటర్ చెప్పినదాన్ని అలల తొట్టిలో నమూనాతో సరిచూసుకోకుండా నమ్మకూడదు. మీవాళ్ల జాకెట్లు గట్టిగా బిగిసి ఉంటాయి, వాటికి ఈ భయం తక్కువ.

ఇక డెక్ సంగతి. డెక్ కింద నిండు పలక లాంటి అడ్డం ఉంటుంది కాబట్టి అల దాన్ని తాకితే బలం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలా తాకకుండానే డెక్ ఎత్తు నిర్ణయిస్తారు. నూరేళ్లకొకసారి వచ్చే అల నెత్తిని లెక్కగట్టి, దానిపైన కనీసం మీటరున్నర ఖాళీ వదలాలని చాలాకాలం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నియమం ఉండేది. మీ ప్లాట్‌ఫామ్‌కు ఆ ఖాళీ ఎంత ఉందో అల్లుడు గారినే అడగండి, డ్రాయింగుల్లో రాసి ఉంటుంది.